కాలు పోతే ఎంతిస్తారు? – ప్రమాద పరిహారానికి చట్టం గీసిన గీతలు

ఎముకల వార్డులో రౌండ్లకు వెళ్ళినప్పుడు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. "మళ్ళీ పనిలోకి ఎప్పుడు పోగలను?" అన్నది మొదటిది. రెండోది పక్క మంచం వాళ్ళకు వినబడకుండా గొంతు తగ్గించి అడుగుతారు: "కేసు వేస్తే ఎంత వస్తుందంటారు సార్?" మేము వకీళ్ళం కాము. కానీ ఆ రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు మేము రాసిచ్చే కాగితాల మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ నెల ఆ సంగతే రాస్తున్నాం.

ముందుగా ఒక మాట. రోడ్డు ప్రమాదాల్లో పరిహారానికి దారులు వేర్వేరుగా ఉన్నాయి. కొన్నిటికి పైన గీత ఉంది, ఒకదానికి లేదు. ఏ దారిలో వెళ్తున్నామో తెలియకుండా సంతకం పెట్టడం వల్లే చాలా కుటుంబాలు నష్టపోతున్నాయి.

గుద్దిన బండి ఏదో తెలియకపోతే దారి ఒక్కటే. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ మొత్తాలు అమలులో ఉన్నాయి. అంతకుముందు 25 వేలు, 12,500 మాత్రమే ఇచ్చేవారు. తుంటి విరిగి మూడు నెలలు మంచాన పడిన కూలీకి 50 వేలు ఏ మూలకు అని మీరు అడగవచ్చు. నిజమే. అయినా ఆ కాస్త కూడా అడగనివారే ఎక్కువ. దీనికి కోర్టుకు వెళ్ళనక్కరలేదు. దరఖాస్తును రెవెన్యూ అధికారి విచారిస్తారు, కలెక్టరు మంజూరు చేస్తారు.

బండి తెలిసి, దానికి ఇన్సూరెన్సు ఉంటే 164వ సెక్షన్ ఉంది. తప్పు ఎవరిదో రుజువు చేయనక్కరలేదు. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. త్వరగా చేతికి వస్తుంది కాబట్టి ఇంట్లో అందరూ "తీసుకుందాం" అంటారు. ఇక్కడే జాగ్రత్త. ఇన్సూరెన్సు కంపెనీ ద్వారా ఈ మొత్తం తీసుకుంటే, ట్రిబ్యునల్లో వేసిన పెద్ద క్లెయిమ్ అంతటితో రద్దవుతుందని చట్టంలోనే రాసి ఉంది. చిన్న గాయమైతే సరే. కాలు తీసేసినవారు మాత్రం ఆ సంతకానికి ముందు ఒక్క రోజు ఆగి వకీలును అడగాలి.

మూడో దారి 166వ సెక్షన్. ఎదుటివారి నిర్లక్ష్యం చూపించాలి, సాక్ష్యం కావాలి, ఏళ్ళు పట్టవచ్చు. కానీ దీనికి పైపరిమితి లేదు. "న్యాయమైన పరిహారం" ఇవ్వమని చట్టం చెబుతుంది. కుటుంబం తక్కువ అడిగినా ట్రిబ్యునల్ అంతకంటే ఎక్కువ ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. వేరే రాష్ట్రంలో పనికి పోయి అక్కడ దెబ్బ తగిలినా, మన ఊరి ట్రిబ్యునల్లోనే కేసు వేసుకోవచ్చు. పుణె, ముంబై పనులకు పోయే పాలమూరు కూలీలకు ఈ సంగతి ముఖ్యంగా తెలియాలి.

లెక్క ఎలా వేస్తారంటే, 32 ఏళ్ళ తాపీ మేస్త్రి ఉన్నాడనుకోండి. నెలకు 15 వేల సంపాదన, అంటే ఏడాదికి 1,80,000. నలభై లోపు వయసువాడు, సొంతంగా పని చేసుకునేవాడు కాబట్టి ముందు ముందు సంపాదన పెరుగుతుందని 40 శాతం కలుపుతారు. 2,52,000 అవుతుంది. 2009లో సుప్రీంకోర్టు వయసును బట్టి గుణకాల పట్టిక ఇచ్చింది. పాతికలోపు వారికి 18, 31 నుంచి 35 వరకు 16, అలా తగ్గుతూ 65 దాటినవారికి 5. మన మేస్త్రికి 16తో హెచ్చిస్తే 40,32,000.

ఇందులో అతనికి ఎంత అన్నది వైకల్యం శాతం మీద ఉంటుంది. మోకాలి కింద కాలు తీసేస్తే మేము ఇచ్చే సర్టిఫికెట్‌లో 60 శాతం అని ఉందనుకోండి. ఆ లెక్కన 24,19,200 వస్తుంది. కానీ ఒంటికాలితో సారువ ఎక్కి గోడ కట్టగలడా? 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో సరిగ్గా ఈ సంగతే విడమరిచి చెప్పింది. ఎడమ చెయ్యి పోయినవాడు డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, ప్రభుత్వ గుమాస్తా అయితే అంత పోకపోవచ్చు. శరీరంలో ఎంత పోయిందన్నది ఒకటి, సంపాదనలో ఎంత పోయిందన్నది మరొకటి. ఇది ట్రిబ్యునల్ ముందు పెట్టకపోతే సర్టిఫికెట్ మీద ఉన్న అంకెతోనే లెక్క ముగిసిపోయే ప్రమాదం ఉంది. మేస్త్రి విషయంలో తేడా పదహారు లక్షల పైమాట! అందుకే మేము అడిగినప్పుడు మీ పని ఏమిటో వివరంగా చెప్పండి. "కూలీ" అని ఒక్క మాట రాయించుకుని వెళ్ళకండి.

పైపరిమితి లేని ఈ దారిలోనూ కొన్ని అంకెలు బిగించి ఉన్నాయి. మరణించినవారి విషయంలో అంత్యక్రియలకు 15 వేలు, ఆస్తి నష్టం పేరిట 15 వేలు, భార్యకో భర్తకో తోడు కోల్పోయినందుకు 40 వేలు అని 2017లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. మూడేళ్ళకోసారి పది శాతం పెరుగుతాయి. తోడుకు వెల కట్టడమేమిటని మనసు చివుక్కుమంటుంది. అయితే 1994లో చట్టానికి చేర్చిన పాత పట్టికలో అంత్యక్రియలకు 2,000, తీవ్ర గాయపు నొప్పికి 5,000, వైద్య ఖర్చులు ఎంతైనా 15,000 లోపే! ఏడాదికి 40 వేల ఆదాయం వరకే ఆ పట్టిక వర్తించేది. ధరలు పెరిగినా ఆ అంకెలు 2018 వరకు అలాగే ఉండిపోయాయి. 2016లో వచ్చిన బిల్లు ఇన్సూరెన్సు కంపెనీల బాధ్యతను మరణానికి 10 లక్షలకు, తీవ్ర గాయానికి 5 లక్షలకు పరిమితం చేయాలని చూసింది. అభ్యంతరాలు వచ్చాక ఆ ప్రతిపాదనను తీసేశారు.

చట్టం గీసినది కాకపోయినా మరో గీత ఉంది. గుద్దిన బండికి ఇన్సూరెన్సు లేకపోతే డబ్బు యజమానే కట్టాలి. ఆయనకూ లేకపోతే తీర్పు కాగితం మీదే మిగులుతుంది. మీ బండి మీరే జారి పడితే ఎదుటివాడే లేడు కనుక మీ పాలసీలో యజమాని-డ్రైవరుకు ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఒక్కటే దిక్కు. రైలు ప్రమాదాల సంగతి వేరు. అక్కడ మరణానికి 8 లక్షలని 2017 జనవరి నుంచి నిర్ణయించి ఉంచారు.

గడువు గురించి. 2022 ఏప్రిల్ నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. దీని మీద వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆలస్యమైందన్న కారణంతో క్లెయిములు కొట్టివేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని నమ్ముకుని కూర్చోకండి. ఆరు నెలల్లోనే వేయండి. వకీలు ఫీజుకు భయపడేవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. వచ్చిన పరిహారంలో ఇంత వాటా అని మాట్లాడుకోవడం వకీళ్ళ నియమాలకే విరుద్ధం.

ఆస్పత్రి పత్రికలో రాయడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్నా ఇది కూడా చెప్పాలి. వైద్యుల పొరపాటుకు ఇచ్చే పరిహారానికి కూడా మన దేశంలో పైపరిమితి లేదు. హైదరాబాదు నిమ్స్‌లో 1990లో ఆపరేషన్ తర్వాత నడుము కింది భాగం చచ్చుబడిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. జాతీయ కమిషన్ ఇచ్చింది పదిహేనున్నర లక్షలే. ఆయన జీవితాంతం పడే వైద్య ఖర్చులు, ఫిజియోథెరపీ, నర్సింగు అన్నీ విడివిడిగా లెక్కకు తీసుకున్నారు. మాకు కూడా అదే చట్టం.

ఇక కాగితాలు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి కాగితం, ప్రతి బిల్లు, ఎక్స్-రేలు ఒక సంచిలో వేసి పెట్టండి. ఎక్స్-రే ఫిల్ములు అటక మీద ఎలుకల పాలు చేసుకుని రెండేళ్ళ తర్వాత నకళ్ళ కోసం వచ్చేవారిని మేము చూస్తూనే ఉన్నాం. ఆటో కిరాయిలు, తోడు ఉన్న మనిషి పోగొట్టుకున్న కూలి కూడా తేదీలతో నోటుపుస్తకంలో రాసుకోండి. ప్రమాదం జరిగిన రోజు "మెట్ల మీంచి పడ్డాడు" అని రాయించి, తర్వాత బండి గుద్దిందంటే ఏ ట్రిబ్యునలూ తేలిగ్గా నమ్మదు. పోలీసుల భయంతో అలా చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ మొదటి రాతను తర్వాత మార్చమని మమ్మల్ని ఎంత బతిమాలినా మేము మార్చలేం. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందించే కేంద్ర పథకం కూడా వచ్చింది. దానికైనా ప్రమాదం ప్రమాదంగానే నమోదు కావాలి.