కవర్ పేజీ మనల్ని ఎలా ఆపుతుంది?

పలాస స్టేషన్‌లో చాలా ఎక్స్‌ప్రెస్‌లు రెండు మూడు నిమిషాలకు మించి ఆగవు. ఆ కాస్త టైంలోనే దిగాలి, టీ తాగాలి, జీడిపప్పు ప్యాకెట్ కొనాలి, మళ్లీ పరుగెత్తి ఎక్కాలి. ఇప్పుడంటే అందరి చేతుల్లో ఫోన్ ఉంది గానీ, ఒకప్పుడు ప్రయాణంలో కాలక్షేపం అంటే వారపత్రికే. ఆ హడావుడిలో పుస్తకాల స్టాల్ మీద ఒక్క చూపు పడుతుంది. ఆ చూపులోనే పత్రిక అమ్ముడుపోవాలి. లోపల ఎంత మంచి విషయం ఉన్నా ఆ క్షణంలో మాట్లాడేది కవరొక్కటే.

మన క్లబ్ ఈ-పత్రిక వచ్చే సంచికకి కవర్ చేసే పని ఈసారి నా మీద పడింది. అందుకని కుర్రకారు కోసం వచ్చే పత్రికలు కవర్‌ని ఎలా తయారుచేస్తాయో కూర్చుని చూశాను. కాశీబుగ్గలో పాత పేపర్ల కొట్టు నుంచి కిలో లెక్కన పాత సినిమా వారపత్రికలు తెచ్చి హాస్టల్ గదిలో నేల మీద పరిచాను. హీరోలు మారారు, హెయిర్‌స్టైళ్లు మారాయి, లెక్క మాత్రం పెద్దగా మారలేదు. ఆ లెక్క ఏంటో మీతో పంచుకుందామనే ఈ వ్యాసం.

మనకీ టీన్ మ్యాగజైన్లు ఉండేవా?

అమెరికాలో టీనేజ్ అమ్మాయిల కోసం 'సెవెంటీన్' పత్రిక 1944లో మొదలైంది. జర్మనీలో 'బ్రావో' 1956లో వచ్చింది, మొదటి సంచిక కవర్ మీద మార్లిన్ మన్రో ఉంది. ఇంగ్లండ్‌లో 1978లో మొదలైన 'స్మాష్ హిట్స్' పాప్ పాటల సాహిత్యం అచ్చువేసి పిల్లల్ని పట్టేసింది.

తెలుగులో అచ్చంగా అలాంటిది లేదనే చెప్పాలి. 'యువ' అనే పేరుతో చక్రపాణిగారి మాసపత్రిక ఉండేది గానీ అది కథలు, నవలలు ఇష్టపడే ఇంటిల్లిపాదిదీ. మన దగ్గర పాప్ సింగర్ స్థానంలో ఉన్నది సినిమా హీరో. కాబట్టి ఆ పని సినిమా పత్రికలు చేశాయి. మద్రాసు నుంచి నాగిరెడ్డిగారి సంస్థ 1966లో తెచ్చిన 'విజయచిత్ర', 1976లో ఈనాడు సంస్థ మొదలుపెట్టిన 'సితార', ఆ తర్వాత 'జ్యోతిచిత్ర', 'శివరంజని' లాంటివి. కాలేజీ కుర్రాళ్లు, ఇంటర్ చదివే అమ్మాయిలు డబ్బులు పోగేసుకుని కొన్నవి ఇవే.

ముందు కళ్లు

ఈ కవర్లలో మొదటి సూత్రం ముఖం. అదీ దగ్గర నుంచి తీసిన ముఖం, కళ్లు నేరుగా కెమెరా వైపు. మనిషి కన్ను ముఖాన్ని వదలదు. పుట్టి కొన్ని గంటలే అయిన పసిబిడ్డ కూడా ముఖంలాంటి ఆకారం వైపే ఎక్కువ చూస్తుందని పరిశోధనల్లో తేలింది. కవర్ మీది హీరోయిన్ మన వైపే చూస్తుంటే, స్టాల్ ముందు వంద మంది ఉన్నా నన్నే చూస్తోందనిపిస్తుంది.

ఇంకో చిన్న సంగతి గమనించండి. పేరున్న పత్రిక అయితే హీరో తల పత్రిక పేరు మీదికి వచ్చి ఒకటో రెండో అక్షరాలు కప్పేస్తుంది. అయినా పర్వాలేదు, జనం మిగతా అక్షరాలు చూసి గుర్తుపడతారు. బొమ్మ కాగితంలోంచి ముందుకు వచ్చినట్టూ ఉంటుంది. కొత్త పత్రిక ఆ ధైర్యం చేయలేదు.

వేలాడదీస్తే కనపడేది ఎంత?

పత్రిక పేరు పైనే ఎందుకుంటుంది? మన బస్టాండుల్లో తాడు కట్టి, క్లిప్పులు పెట్టి, బట్టలు ఆరేసినట్టు పత్రికలు వేలాడదీస్తారు. వరుస కింద వరుస. చోటు చాలకపోతే ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతుంది. అప్పుడు గ్యారంటీగా కనపడేది పై భాగమే. బయటి దేశాల్లో ర్యాకుల్లో పక్కపక్కన సర్దుతారు కాబట్టి అక్కడి డిజైనర్లు ఎడమ వైపు మూడో వంతును బంగారంలా చూసుకుంటారు. అంటే కవర్ డిజైన్ సగం స్టూడియోలో జరిగితే, సగం దుకాణం తాడు దగ్గర నిర్ణయమైపోతుంది.

ఎరుపు, పసుపు ఊరికే రాలేదు

ఇది మన బ్రాంచీల వాళ్లకి నచ్చే భాగం. రంగుల ప్రింటింగ్‌లో ఉండేవి నాలుగు ఇంకులే: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. మెజెంటా, పసుపు రెండూ నూటికి నూరు శాతం పడితే చిక్కటి ఎరుపు వస్తుంది. పసుపు ఒక్కటే పడితే మెరిసే పసుపు. ఈ రెండూ తక్కువ ఇంకులతో, చవక కాగితం మీద కూడా దూరానికి కొట్టొచ్చినట్టు కనపడతాయి. పసుపు తేలిక, ఎరుపు ముదురు, అందుకే ఎరుపు మీద పసుపు అక్షరం బాగా చదవొస్తుంది.

అక్షరాల చుట్టూ నల్ల గీత ఎందుకంటారా? ఒక్కో ఇంకు ఒక్కో ప్లేటు నుంచి పడుతుంది. ప్లేటు వెంట్రుకవాసి జరిగితే అంచుల్లో తెల్లటి సందు కనపడుతుంది. లావుపాటి నల్ల గీత ఆ సందుని కప్పేస్తుంది. అందం అనుకున్నది సగం జాగ్రత్త.

తెలుగు అక్షరం తిప్పలు

ఇంగ్లిష్ పెద్దక్షరాలు అన్నీ ఒకే ఎత్తులో సైనికుల్లా నిలబడతాయి. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి. కింద వత్తులు. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటని పెద్ద సైజులో పెట్టి చూడండి, కింది లైనుని తన్నేస్తుంది. అందుకే తెలుగు కవర్ మీద రెండు లైన్ల మధ్య చోటు ఎక్కువ కావాలి, మాటలు తక్కువ కావాలి. 'సితార', 'యువ' పేర్లలో ఒక్క వత్తు కూడా లేదు. ఎంత పెద్దగా అచ్చువేసినా ఇబ్బంది లేదు.

డీటీపీ వచ్చాక చాలాకాలం పేజ్‌మేకర్, అను ఫాంట్లే రాజ్యమేలాయి. ఇప్పుడు యూనికోడ్‌లో ఉచితంగా దొరికే హెడ్డింగ్ ఫాంట్లలో ఒకదాని పేరు 'గిడుగు'. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టి, మనకి దగ్గరలోని పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారి పేరే అది. మన కవర్‌కి నేను అదే వాడుతున్నాను.

ప్రశ్నార్థకం మహిమ

ఇక మాటలు. "ఆ హీరో పెళ్లి ఎప్పుడు?" "వాళ్లిద్దరూ మళ్లీ కలుస్తారా?" ఇలాంటి తరహా. తెలిసిన మనిషి గురించి తెలియని ముక్క ఒకటి ఉందని చెప్పి వదిలేయడం. 1994లో జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ఆచార్యుడు దీన్ని వివరించాడు: మనకి తెలిసినదానికీ, తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ కనపడితే దురద పుడుతుంది, గోక్కోకుండా ఉండలేం. యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు నడిచేది ఈ దురద మీదే.

చిక్కు ఎక్కడంటే, లోపలికి వెళ్తే చాలాసార్లు జవాబు ఉండదు. "సమయం వచ్చినప్పుడు చెప్తా" అని హీరో అన్నాడని ఉంటుంది. మా పలాస వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. జీడిపప్పులో డబ్ల్యూ 240 అంటే పౌనుకి సుమారు 240 గుండ్లు తూగే రకం, డబ్ల్యూ 320 అంటే ఇంకాస్త చిన్నవి. డబ్బా పైన పెద్ద గుండ్లు పేర్చి, కింద బద్దలు పోసి అమ్మితే ఒకసారి చెల్లుతుంది. రెండోసారి ఆ కొట్టుకి ఎవరెళ్తారు?

సినిమా పత్రికలు ఆ లోటుని ఇంకోలా పూడ్చేవి: మధ్య పేజీల్లో బ్లోఅప్. పిన్ను ఊడదీసి, జాగ్రత్తగా విప్పి, హాస్టల్ గోడకో సెలూన్ అద్దం పక్కనో అంటించేవారు. జర్మనీ 'బ్రావో' ఇంకో అడుగు ముందుకేసింది. 1959 నుంచి స్టార్ నిలువెత్తు బొమ్మని ముక్కలు చేసి వారానికొక ముక్క ఇచ్చేది. ఒక్క వారం కొనకపోతే స్టార్‌కి మోకాలు ఉండదు!

అరవని కవర్

వీటన్నిటికీ ఎదురుగా ఇంకో దారి ఉంది, అది మన జిల్లా మనిషిది. వడ్డాది పాపయ్యగారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. 'వపా' అని సంతకం చేసేవారు. 1947లో మొదలైన 'చందమామ'కీ, 'యువ'కీ ఆయన వేసిన ముఖచిత్రాలు ఇప్పటికీ నెట్‌లో వెతుక్కుని దాచుకునేవాళ్లున్నారు. ఆ 'చందమామ' కవర్ల మీద ప్రశ్నార్థకాలు లేవు, గుట్టు విప్పుతామనే ఊరింపు లేదు. బొమ్మే కారణం, బొమ్మే బహుమతి. కొన్నవాడికి కవర్ దగ్గరే డబ్బులు గిట్టిపోయేవి.

మరి మన కవర్ మీద ఎవరు?

వచ్చే సంచికలో ముఖ్యమైన వ్యాసం ఉద్దానం నీళ్ల గురించి. రాసింది కవిటి వైపు నుంచి వచ్చే మా క్లాస్‌మేట్. వాళ్ల నాన్నగారు డయాలసిస్‌కి వెళ్తారు. కవర్ మీద ఏం పెడదామని కూర్చుంటే మొదట వచ్చిన ఐడియా డయాలసిస్ మంచం ఫోటో, కింద ఎర్ర అక్షరాలు. ముఖం ఉంది, కళ్లున్నాయి, రంగుంది. పైన చెప్పిన రూల్స్ అన్నిటికీ సరిపోతుంది. తను మాత్రం ఒక్క మాటే అంది: "మా ఊరి ఫోటో అంటే ఎప్పుడూ మంచమేనేటి?"

ఆ మాట నన్ను వదల్లేదు. ఉద్యానవనం అనే మాట నుంచే ఉద్దానం అనే పేరొచ్చిందంటారు. కానీ బయటి పత్రికల మొదటి పేజీకి ఉద్దానం ఎక్కేది రెండు సందర్భాల్లో: 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి తోటల్ని పడగొట్టినప్పుడు లాంటి రోజున, లేదంటే కిడ్నీ జబ్బు వార్తలో. రెండూ నిజాలే, రెండూ రాయాల్సినవే. అయితే కవర్ మీది హీరో తన ముఖం అక్కడ ఉండాలని కోరుకుంటాడు, దానివల్ల అతని సినిమా ఆడుతుంది. మంచం మీది మనిషిని ఎవరూ అడగరు, అతనికి వచ్చేదీ ఏమీ ఉండదు. ఒకే టెక్నిక్, ఇద్దరికీ ఒకే న్యాయం కాదు.

అందుకే కవర్ ఇలా అనుకున్నాం. మన పత్రిక వేలాడే తాడు వాట్సాప్. అక్కడ కవర్ బొటనవేలంత ఉంటుంది, కాబట్టి వస్తువు ఒక్కటే ఉండాలి: కొబ్బరి చెట్టు నీడలో గుమ్మం మీద పెట్టిన నీళ్ల బిందె. పసుపు అక్షరాల్లో "మేం ఏ నీళ్లు తాగుతున్నాం?" అన్న ప్రశ్న. దాని కింద వ్యాసం రాసిన అమ్మాయి పేరు, తను ఒప్పుకుంది కాబట్టి. ప్రశ్న పెట్టాం గనక జవాబు లోపల మొదటి పేరాలోనే ఉండాలని తనకి షరతు కూడా పెట్టాను. ఊరిలో బోరు ఎప్పుడు ఆపారు, కుళాయి నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఇంకా క్యాన్లు కొనే ఇళ్లు ఏవి అని తను ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చింది.

సంచిక మీ ఫోన్‌కి వచ్చినప్పుడు రెండు విషయాలు మాకు చెప్పండి. కవర్ చూసి ఆగారా? లోపల జవాబు దొరికిందా? మొదటిదానికి కాదంటే డిజైన్ మార్చుకుంటాం. రెండోదానికి కాదంటే మాత్రం గట్టిగానే తిట్టండి, పైన గుండ్లు పేర్చి కింద బద్దలు పోశారని.