పుట్టిలో ఎంత సామాను?

రాయలసీమ అనగానే ఎండిన చెరువులు, నెర్రెలు వారిన నేల కన్నుల ముందు నిలుచుట సహజము. కాని కర్నూలు నగరమును తుంగభద్ర, హంద్రి అను రెండు నదులు ఒరసికొని పారుచున్నవి. దిగువన సంగమేశ్వర ప్రాంతమున తుంగభద్ర కృష్ణతో కలియుచున్నది. అక్కడినుండి శ్రీశైలము వరకు వ్యాపించిన జలాశయము, కడప జిల్లాలో పెన్నానదిపై మైలవరము, గండికోట జలాశయములు మన సీమలోనివే. ఈ నీళ్ళపై పుట్టి వేసికొని, చేపలు పట్టి బ్రతుకు కుటుంబములు అనేకము కలవు. సాయంత్రము పుట్టి నీటిలోనికి దించునపుడు వారు ప్రతిదినము తేల్చుకొను ప్రశ్న ఒకటున్నది: ఎంత వల, ఎన్ని గాలములు వేసికొని పోవలెను? ప్రశ్న చిన్నదే. కాని లెక్క తప్పినచో పోవునది ఒక రాత్రి కష్టమే కాదు, ఒక్కొక్కప్పుడు ప్రాణము కూడ.

ఇట్టి లెక్కకు మన ప్రాంతమున వాడు మాట 'అందాజు'. ఉర్దూలో 'అందాజా'. పారసీకమునుండి వచ్చి ఉభయ భాషలలోను స్థిరపడిన పదమిది. 'సామాను' అను మాట కూడ అట్టిదే. కనుక సామానుకు అందాజు వేయుట ఎట్లో ఉర్దూ, తెలుగు విద్యార్థులము కలిసి ఆలోచించుట సముచితమే.

మొదట పుట్టిని గూర్చి. వెదురు బద్దలతో గుండ్రని పెద్ద బుట్ట అల్లి, నీరు చొరకుండ బయట కప్పు వేసినచో అది పుట్టి అగును. పూర్వము తోలు కప్పెడివారు. నేడు ప్లాస్టిక్ సంచులు కప్పి తారు పూయుచున్నారు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్రపై ఇట్టి బుట్ట పడవలను వర్ణించెను. అవి పదిహేను ఇరువది మందిని మోయగలవనియు, ఎల్లప్పుడు గిర్రున తిరుగుచుండుననియు అతడు వ్రాసెను. ఇరాకులో టైగ్రిస్ నదిపై 'ఖుఫ్ఫా' అను గుండ్రని పడవ ఇట్టిదే. ఆ అరబ్బీ మాటకు బుట్ట అని అర్థము.

ఇక మొదటి లెక్క బరువును గూర్చినది. వస్తువు తన బరువునకు సమానమైన నీటిని తొలగించి తేలునని ఆర్కిమిడీసు సూత్రము. రెండు మీటర్ల వ్యాసము గల పుట్టి అడుగు చదునుగా ఉన్నదనుకొందము. దాని వైశాల్యము సుమారు 3.14 చదరపు మీటర్లు. అనగా అది ఒక సెంటీమీటరు దిగుటకు 31 కిలోల పైచిలుకు బరువు కావలెను. ఇద్దరు మనుషులు 120 కిలోలు, మంచుగడ్డ 20, పట్టబోవు చేప 20, వలలు తదితర సామాను 20, అన్నము నీళ్ళు 10. మొత్తము 190 కిలోలు. ఈ బరువునకు పుట్టి ఆరు సెంటీమీటర్లు దిగును. పుట్టి వ్యాసము ఒకటిన్నర మీటరే అయినచో ఇదే బరువునకు పదునొకండు సెంటీమీటర్ల వరకు దిగును. వ్యాసము అర మీటరు తగ్గగా మోయు శక్తి దాదాపు సగమునకు పడిపోయినది. కనుక 'మొన్న పెద్ద పుట్టిలో ఇంత సామాను వేసితిమి గదా' అను మాట చిన్న పుట్టికి చెల్లదు.

ఆరు సెంటీమీటర్లే కదా, మరి రెండు వలలు వేసికొన్న నష్టమేమి అని ఎవరైన అడుగవచ్చును. నష్టము బరువులో కంటె బరువున్న చోటిలో ఎక్కువ. పుట్టికి ముందు వెనుకలు లేవు, అడుగున దూలము లేదు. వల ఎత్తువాడు అంచునకు వంగినపుడు ఎదుటివాడు ఆవలి ప్రక్కకు జరిగి సమతూకము నిలుపవలెను. నడుమ సామాను కుప్పగా ఉన్నచో జరుగుటకు తావుండదు, జరిగిన కాలికి వల చుట్టుకొనును. 2020 ఆగస్టులో రాయచూరు జిల్లాలో వరద కృష్ణపై ఒక పుట్టి తిరగబడి ప్రయాణికులు కొందరు గల్లంతైరి. ప్రవాహమునకు పుట్టి ఎంత లోబడునో తెలియుటకు ఆ ఒక్క ఉదాహరణ చాలును. కావున సామాను వేసిన పిమ్మట ఇద్దరును కూర్చుండి, లేచి, చోటు మార్చుకొనుటకు ఖాళీ మిగులవలెను. ఇది మొదటి నియమము.

రెండవ లెక్క వెనుకనుండి ముందుకు వేయవలసినది. సాధారణముగ మనము 'వల ఎక్కువైన చేప ఎక్కువ' అనుకొందుము. కాని మన సీమ ఎండలో చేప నిలువదు. ఉష్ణప్రాంతములలో కిలో చేపకు కిలో మంచుగడ్డ అవసరమని సామాన్య నియమము. ఇరువది కిలోల మంచు తీసికొనిపోవువానికి ఇరువది కిలోల చేపయే లాభము. ఆపైన పడినది కుళ్ళును. మరియు నిలువుగా నిలిపిన వలలో చిక్కిన చేప త్వరగా చచ్చును. తెల్లవారి ఎండ ముదురక మునుపే వల ఎత్తి, చేపను విడదీసి, మంచులో పెట్టవలెను. గంటలో ఇద్దరు ఎంత వల ఎత్తి విడదీయగలరో ఒకసారి గమనించినచో ఎంత వల వేయవలెనో తెలియును. మంచు, చేతులు, సమయము ఈ మూడింటిలో ఏది తక్కువయో అదియే వల పొడవును నిర్ణయించును.

మూడవది నీటి అడుగు. శ్రీశైలము జలాశయము నిండినపుడు 885 అడుగుల మట్టము వరకు నీరు నిలుచును. దాని క్రింద 1981 ప్రాంతమున ఖాళీ చేయించిన సుమారు వంద గ్రామములున్నవి. నీటిమట్టము తగ్గిన వేసవిలో సంగమేశ్వరాలయము బయటపడుట మనమెరుగుదుము. అట్లే ఊళ్ళ రాతిగోడలు, బావుల గట్లు, చెట్ల మోళ్ళు నీటిలోనే ఉన్నవి. అట్టి చోట వల వేసినచో చిరుగును, లేదా తెగి అక్కడనే నిలిచిపోవును. నైలాను దారము నూలువలె కుళ్ళదు. విడిచిపెట్టిన వల ఎవరికిని దక్కని చేపలను చంపుచునే యుండును. గోడలు, మోళ్ళు ఉన్న చోటికి వల తగ్గించి గాలములు హెచ్చించుట మేలు. వాలుగ, కొరమీను వంటి చేపలకు ఎరతో గాలమే తగును. చదునైన లోతు నీటిలో బొచ్చె, శీలావతి, మోసు చేపలకు నిలువు వల తగును.

నాల్గవది వల కన్ను. దోమతెరవంటి సన్నని కన్నుల పెద్ద లాగుడు వలలను 'అలివి వలలు' అందురు. ఇవి నిషిద్ధములైనను శ్రీశైలము నీళ్ళలో వీటి వాడుక గూర్చి ఫిర్యాదులు వినవచ్చుచునే యున్నవి. ఇవి పిల్లచేపలను ఊడ్చుకొనిపోవును. బొచ్చె, శీలావతి వర్షకాలమున గుడ్లు పెట్టును. ఒక్కసారియైన గుడ్లు పెట్టక మునుపే పట్టిన చేప వచ్చే ఏటి పంటకు విత్తనము లేకుండ చేయును. ఆ నష్టము అనుభవించువాడు అలివి వల యజమాని ఒక్కడే కాదు, ఒక పుట్టి, ఒక వల మాత్రమే ఉన్న ప్రక్కవాడు కూడ.

ఈ నాలుగును కలిపి చూచిన ఇద్దరు ఒక రాత్రి పోవుటకు చాలిన సామాను ఇది: పెద్ద కన్నుల నిలువు వల ఒకటి, విసురు వల ఒకటి, గాలపు దారములు నాలుగైదు. విడి గాలములు, బెండ్లు, సీసపు గుండ్లు మాత్రము కొంచెము ఎక్కువగానే ఉంచుకొనవచ్చును. అవి పోవుట తరచు, బరువు స్వల్పము. రెండవ నిలువు వల ఒడ్డుననే ఉండవలెను. దాని చోటున నీరు తోడు చెంబు, తాడు, పదునైన కత్తి, అదనపు తెడ్డు, ఇద్దరికిని తేలుడు చొక్కాలు ఉండవలెను. చిక్కిన వల కోయుటకు కత్తి లేనివాడు వలను రక్షింపబోయి తాను మునుగును. జలాశయములలో చేపల వేటకు మత్స్యశాఖ అనుమతి కావలెనని మరువరాదు.

నదీతీర గ్రామములనుండి మన కళాశాలకు వచ్చు విద్యార్థులకు పుట్టి కొత్త కాదు. వారి పెద్దలు ఈ అందాజును కాగితముపై కాక చేతులతోనే వేయుదురు. సెలవులలో ఇంటికి పోయినపుడు ఒకమారు పుట్టి వ్యాసము కొలిచి, పైని లెక్కలు వేసి, పెద్దల అందాజుతో సరిపోల్చి చూడవలెనని మా మనవి. లెక్కకు, అనుభవమునకు తేడా కన్పించినచో ఆ తేడాకు కారణము వెదకుట తరగతిలో నేర్చినదానికి మంచి పరీక్ష యగును.