మట్టిలో నిలిచిన విషం

గడ్డపోతారం, కాజీపల్లి ప్రాంతాల శ్రోతలకు మట్టిలో దిగిన రసాయనమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే అట్టి విషాన్ని యుద్ధంలో ఒక దేశం మరొక దేశంపై చల్లితే, పోరు ముగిసిన పిదప దానిని తీసివేసే పూచీ ఎవరిది? దీనికి వియత్నాం, అమెరికాలు చెప్పుకొన్న సమాధానం తెలిసికొనదగినది.

1961 నుండి 1971 వరకు అమెరికా సేనలు దక్షిణ వియత్నాం అడవులపైన, పంటలపైన 7 కోట్ల లీటర్లకు పైగా ఆకురాల్చు మందులు చల్లినవి. శత్రువుకు చాటు, తిండి లేకుండా చేయుట వారి ఉద్దేశం. పీపాలపైని నారింజరంగు పట్టీని బట్టి వానిలో ముఖ్యమైనదానికి ఏజెంట్ ఆరెంజ్ అని పేరు వచ్చినది. ఆ మందు త్వరలోనే శిథిలమైపోయేది. దాని తయారీలో మాలిన్యంగా పుట్టిన డయాక్సిన్ మాత్రం పోలేదు. అది నీటిలో దాదాపు కరగదు. మట్టిరేణువులను, చెరువు అడుగు బురదను అంటిపట్టుకొని ఉంటుంది. అక్కడి నుండి చేపల కొవ్వులోనికి, వాటిని తిన్న మనిషి దేహంలోనికి, తల్లిపాలలోనికి చేరుతుంది. దేహంలో చేరినది సగానికి తగ్గుటకే 7 నుండి 11 ఏండ్లు పట్టుతుంది.

పీపాలను నిలవచేసి విమానాలకు నింపిన దానాంగ్, బియన్ హోవా స్థావరాలలో మందు ఒలికి నేల మిక్కిలి చెడినది. ఉభయ దేశాల దౌత్యసంబంధాలు 1995లో ఏర్పడినను, అమెరికా కాంగ్రెసు ఈ పనికి మొదటిసారి ధనం మంజూరు చేసినది 2007లో. దానాంగ్‌లో శుద్ధి 2012లో మొదలైనది. చెడిన మట్టిని త్రవ్వి, గోడల నడుమ కుప్పగా పోసి, లోపల విద్యుత్ కమ్మీలు దించి 335 డిగ్రీల వరకు కాచినారు. మన ఇటుకబట్టీ వంటిదే అనుకొనవచ్చును. ఆ వేడికి డయాక్సిన్ విచ్ఛిన్నమవుతుంది. 2018 నాటికి సుమారు 90,000 ఘనమీటర్ల మట్టి శుభ్రమైనది. అంతకు ఎన్నో రెట్లు పెద్దదైన బియన్ హోవా పని 2019లో ఆరంభించినారు.

అమెరికా ధనమిచ్చినది గాని, చట్టరీత్యా బాధ్యత ఒప్పుకొనలేదు. ‘నష్టపరిహారం’ అను మాటను ప్రక్కన పెట్టి, ‘శుద్ధి’, ‘వికలాంగులకు సహాయం’ అను మాటలతో పని సాగినది. మందు తయారుచేసిన కంపెనీలు 1984లో అమెరికన్ మాజీ సైనికులతో 18 కోట్ల డాలర్లకు రాజీపడినవి. వియత్నాం బాధితుల దావాను 2005లో అమెరికా న్యాయస్థానం కొట్టివేసినది. నేరం ఎవరిదో తేలేవరకు ఆగి ఉంటే దానాంగ్ మట్టి నేటికీ అట్లే ఉండేదేమో. కాని వ్యాధిగ్రస్తుడైన బిడ్డను మోయుచున్న తల్లికి ఈ సమాధానం చాలునని నేననలేను.

మన నక్కవాగు కథ మరొక వరుసలో నడిచినది. ఇక్కడ చల్లినది శత్రువు కాదు. వాగులోనికి వ్యర్థాలు వదలినవి పనులిచ్చిన కార్ఖానాలే. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన వ్యాజ్యంలో రైతులకు పరిహారం, గ్రామాలకు త్రాగునీరు ఇవ్వవలెనని ఆదేశాలు వచ్చినవి. పరిహారం ముట్టినంత మాత్రాన అడుగున దిగినది పోదు. నీరు తేటపడినదని చెరువులో చేపలకు దిగేవారు, బురదను కూడ పరీక్షించినారా అని కాలుష్య నియంత్రణ మండలి వారిని అడుగవలెను.