మనసు చదువు... అప్పు బరువు!

'సైకాలజీ చదువుతా నాన్నా' అంటుంది అమ్మాయి. 'చదివాక ఏం చేస్తావమ్మా?' అంటాడు నాన్న. ఫీజుల కాగితం చూసిన అమ్మ మాత్రం 'అంత డబ్బు ఎక్కణ్నుంచి తెస్తాం?' అని నిట్టూరుస్తుంది. ఇంటర్ ఫలితాలొచ్చాక ఎన్నో ఇళ్లలో వినిపించే మాటలే ఇవి. ముగ్గురి మాటా సబబే. అందుకే అలకలూ కోపాలూ పక్కనపెట్టి, ఓ తెల్లకాగితం తీసుకుని లెక్క వేసుకోవాలి.

అవసరమైతే ఉంది

ముందు అమ్మాయి వైపు నుంచి చూద్దాం. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో వందకి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారు. వారిలో చికిత్స అందనివాళ్లు, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం. 2022 అక్టోబరులో 'టెలీ మానస్' మొదలైంది. 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు. విశాఖపట్నంలో 'నీట్' శిక్షణ తీసుకుంటున్న ఓ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో కీలకమైన మార్గదర్శకాలిచ్చింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో కనీసం ఒక అర్హుడైన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలన్నది అందులో ఒకటి. అంటే... ఈ చదువుకు పని లేకపోవడమన్నది లేదు. మరి చిక్కెక్కడ?

డిగ్రీతో ఆగితే...

చిక్కు అక్కడే! బీఏ, బీఎస్సీ సైకాలజీ పట్టా చేతికి రాగానే సైకాలజిస్టు అయిపోరు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలి(ఆర్‌సీఐ) రిజిస్టర్లో పేరుండాలి. లేకుండా ప్రాక్టీసు చేస్తే 1992 నాటి చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ. ఇన్నేళ్లూ అక్కడికి ప్రధానమైన దారి రెండేళ్ల పీజీ, ఆపైన రెండేళ్ల ఎం.ఫిల్. కొత్త జాతీయ విద్యావిధానం ఎం.ఫిల్ వద్దనడంతో ఆ దారీ మారుతోంది. కాబట్టి చేరబోయే ఏడాదికి ఏ కోర్సుకు గుర్తింపు ఉందో ఆర్‌సీఐ వెబ్‌సైట్లో చూసుకోవాల్సిందే.

డిగ్రీతోనే ఆగినవాళ్లకు మానవ వనరుల విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడులు, కాల్ సెంటర్లు, మార్కెట్ పరిశోధన సంస్థల్లో ఉద్యోగాలుంటాయి. అయితే వాటికి బీకాం, బీబీఏ చదివినవాళ్లూ పోటీకొస్తారు. సైకాలజీ చదివారని జీతం పెంచి ఇచ్చేవాళ్లు తక్కువ.

వాయిదా ఎంత?

ఇప్పుడు నాన్న లెక్క. ఓ ప్రైవేటు కాలేజీలో ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి రెండు లక్షలు అనుకుందాం. మూడేళ్లకు ఆరు లక్షలు... అంతా అప్పే. వడ్డీ పది శాతం. చదువుతున్నన్నాళ్లూ, ఆ తర్వాత మరో ఏడాదీ వాయిదాలు కట్టక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు! బారువడ్డీ లెక్కన ఆ నాలుగేళ్లలో 1.80 లక్షలు పోగై, అప్పు 7.80 లక్షలకు చేరుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 10,300 రూపాయలు. మొత్తం కట్టేది 12 లక్షలు దాటుతుంది. పదిహేనేళ్లు పెట్టుకుంటే వాయిదా 8,400కి తగ్గినా, మొత్తం 15 లక్షలవుతుంది.

తొలి ఉద్యోగంలో చేతికి 20 వేలొస్తే సగం బ్యాంకుకే. మిగిలిన దాంట్లో హైదరాబాద్‌లో హాస్టలు, తిండి, బస్సు! పీజీకి వెళ్తే ఇంకో తిరకాసు. రెండో ఏడాది క్లాసులు మొదలయ్యే వేళకే పాత అప్పు వాయిదాలు మొదలవుతాయి. పైచదువుకు గడువు పొడిగిస్తారో లేదో సంతకం పెట్టేముందే బ్యాంకును అడగాలి.

అప్పు... ఏ మెట్టు మీద?

అలాగని అమ్మాయి ఆశ వదులుకోవాలా? అక్కర్లేదు. ఈ రంగంలో సంపాదన తెచ్చిపెట్టేది మొదటి మెట్టు కాదు, పై మెట్టు. కాబట్టి మొదటి మెట్టు తక్కువ ఖర్చుతో ఎక్కి, అప్పు చేసే శక్తిని పై మెట్టుకు దాచుకోవడం తెలివైన పని. సైకాలజీ ఉన్న ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో ఫీజు భారం తక్కువ. తర్వాత ఉస్మానియా, ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర లాంటి విశ్వవిద్యాలయాల్లో పీజీ చేయొచ్చు. 'దూరవిద్యలో కానిచ్చేద్దాం' అనుకుంటే మాత్రం ఆగాలి. 2025 జులై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో చెప్పకూడదని యూజీసీ ఆదేశించింది.

అప్పు తప్పనిసరైతే చదువుతుండగానే వడ్డీ కట్టేయడం మేలు. పై లెక్కలో అది మొదటి ఏడాది నెలకు 1,700, మూడో ఏడాదికి 5,000. అలా చేస్తే అసలు ఆరు లక్షల దగ్గరే ఆగి, పదేళ్ల వాయిదా 7,900 అవుతుంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన 'పీఎం విద్యాలక్ష్మి' జాబితాలో కాలేజీ ఉంటే పూచీకత్తు లేకుండానే రుణం దొరుకుతుంది. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపుంటే, అర్హతలను బట్టి వడ్డీలో మూడు శాతం రాయితీకి దరఖాస్తు చేయొచ్చు.

చేరేముందు కాలేజీకి వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి... 'నిరుడు పాసైన పిల్లలు ఇప్పుడెక్కడున్నారు?' బ్రోషరు కన్నా ఆ పిల్లలతో ఫోన్లో పది నిమిషాలు మాట్లాడటమే మేలు.

ఎదుటివాళ్ల మనసులోని బరువు దించే చదువు ఇది. చదివే పిల్ల నెత్తిన మాత్రం మోయలేనంత బరువు పెట్టకుండా పంపితే చాలు... అమ్మాయి కోరికా తీరుతుంది, అమ్మానాన్నలకు కంటినిండా నిద్రా పడుతుంది.