ఇల్లు, గురువు, వీధి: హెచ్ఐవీ నివారణలో చుట్టుపక్కల పాత్ర

ట్రాన్స్‌జెండర్ మహిళల్లో హెచ్ఐవీ దేశ సగటుకు ఎన్నో రెట్లు ఎక్కువ. 2017 జాతీయ లెక్కల్లో వయోజనులందరిలో అది 0.22 శాతం ఉంటే, హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లలో 3.14 శాతం ఉంది. కండోమ్ సంగతి తెలియక కాదు, తెలిసినా వాడే వీలు లేక చాలామంది జబ్బున పడుతున్నారు.

ఇంట్లోంచి గెంటేస్తే చదువు ఆగుతుంది, కొలువు దొరకదు. దుకాణాల దగ్గర అడుక్కోవడం, శుభకార్యాల్లో దీవించి డబ్బు తీసుకోవడం, లైంగిక వృత్తి మిగులుతాయి. ఇల్లు అద్దెకిచ్చేవారే తక్కువ, ఇచ్చినా ఎక్కువ అడుగుతారు. కిరాయి కట్టాల్సిన రోజు, కండోమ్ వద్దనే విటుణ్ని కాదనడం కష్టం.

పుట్టింటి స్థానంలో వచ్చేది, హిజ్రా సమాజంలో పెద్దగా ఉండే గురువు ఇల్లు. అక్కడ గురువు మాటే చెల్లుతుంది. గురువే ముందుండి హెచ్ఐవీ పరీక్షకు తీసుకెళితే చేలాలంతా, అంటే శిష్యులంతా, వెళతారు. జబ్బు బయటపడితే పరువు పోతుందని గురువు అనుకుంటే అందరూ దాస్తారు.

వీధిలో పోలీసుల భయం పాతదే. హిజ్రాలను వారెంటు లేకుండా అరెస్టు చేయనిచ్చిన నిజాం కాలపు, ఫస్లీ సంవత్సరం 1329 నాటి చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లోగానీ కొట్టేయలేదు. పట్టుకుంటారన్న భయం ఉన్నచోట బేరం హడావిడిగా, చీకట్లో సాగుతుంది. జాగ్రత్తకు వ్యవధి ఉండదు.

నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి వంటి చోట ఇంకో చిక్కు ఉంది. హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులిచ్చే కేంద్రం దగ్గర్లోనే, నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంది. అయితే అక్కడి వరుసలో తెలిసినవాళ్లు కనబడతారు. వ్యాధి కంటే వెలికే భయపడటం ఈ ఊరు ఎరిగినదే. 1915లో ఇక్కడ మొదలైన విక్టోరియా కుష్ఠు ఆసుపత్రికి ఊళ్లు దూరం పెట్టినవారెందరో చేరారు.

ఆదరించే చోటు ఉంటే జనం వస్తారని హైదరాబాద్ నారాయణగూడలో 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్ చూపింది. అక్కడ సిబ్బందిలోనూ ట్రాన్స్‌జెండర్లు ఉండేవారు. హార్మోన్ల సలహా, మానసిక వైద్యం, హెచ్ఐవీ పరీక్ష ఒకేచోట దొరికేవి. హార్మోన్ల కోసం వచ్చినవారు పరీక్ష కూడా చేయించుకోగలిగేవారు. అమెరికా సాయం ఆగిపోవడంతో 2025 జనవరిలో అది మూతపడింది. అదే ఏడాది టాటా ట్రస్టుల అండతో సబ్‌రంగ్ పేరిట మళ్లీ తెరుచుకుంది. డిచ్‌పల్లి నుంచి అక్కడికి దాదాపు 160 కిలోమీటర్లు. రానుపోను ఒక రోజు సంపాదన పోతుంది.

2018లో అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ చట్టం రోగి వివరాలు బయటపెట్టడాన్నీ, వివక్షనూ నిషేధించింది. ఆ చట్టం జిల్లా ఆసుపత్రి వరుసలో నిజంగా అమలైతే వెలి భయం తగ్గుతుంది; కండోమ్, క్రమం తప్పని పరీక్ష, ముందుజాగ్రత్తగా రోజూ వేసుకునే ప్రెప్ మాత్ర అవసరమైనవారు జంకకుండా అడగగలుగుతారు.