చక్కెరవ్యాధి గల బిడ్డకు యంత్రము నెన్నుకొనుట

ఉట్నూరులో కాపురమున్న మా పినతల్లి కూతురు క్రిందటి మాసమున మాకు ఫోను చేసి, "అక్కా! పంపు కొనుమంటవా, సెన్సారు కొనుమంటవా? రెండు కొన మాతోని కాదు" అని యడిగినది. దాని కుమారునకు తొమ్మిదేండ్లు. వ్యాధి బయటపడి యెనిమిది మాసములైనది. మా పెద్దమ్మాయికిని ఇదే వ్యాధి. ఆరేండ్లుగా దానితో వేగుచున్నాము గనుక మమ్ము నడిగినది. మేము వైద్యులము గాము. కరీంనగరమున నొక బడిపంతులుగారి యిల్లాలము మాత్రమే. అయినను చెల్లెలికి చెప్పిన సమాధానము, ఇట్టి బిడ్డలు గల సోదరీమణులకు గూడ నుపయోగింపవచ్చునని యిచ్చట వ్రాయుచున్నాము.

పెద్దవారికి వచ్చు చక్కెరవ్యాధి వేరు, ఇది వేరు. సుశ్రుతుడు ప్రమేహమును సహజమనియు, అపథ్యమువలన గలుగునదనియు రెండు విధములుగా జెప్పి, మొదటి దానిచే బాధపడువాడు కృశించి, దప్పిచే వేగిపోవుచుండునని వర్ణించెను. బాల్యమున మా తండ్రిగారియొద్ద ఆ భాగమును చదువుకొన్నప్పుడు అది మా యింటనే కానవచ్చునని తలపలేదు. నేటి వైద్యులు బిడ్డల వ్యాధిని టైప్ 1 అనుచున్నారు. శరీరమును గాపాడవలసిన శక్తియే పొరబడి, క్లోమగ్రంథిలో ఇన్సులిన్ చేయు కణములను నశింపజేయును. తల్లి పెట్టిన మిఠాయివలన వచ్చినది కాదు. ఎవరి పాపమువలనను వచ్చినది కాదు. 1922 జనవరిలో టొరాంటో నగరమున లియోనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు బాంటింగు, బెస్టు మొదలగువారు సిద్ధపరచిన ఇన్సులిన్ ఎక్కించుటతో ఈ బిడ్డల బ్రతుకునకు దారి యేర్పడినది. అంతకుముందు వ్యాధి తెలిసిన పిమ్మట రెండేండ్లు బ్రతికినచో గొప్ప. ఈనాటికిని ఇన్సులిన్ తప్ప వేరు మందు లేదు. ఆకు పసరులు, పొడులు చూపి సూదులు మాన్పింతుమనువారిని గడప త్రొక్కనీయరాదు.

మా అమ్మాయికి ఎనిమిదవ యేట వ్యాధి వచ్చినది. రాత్రి నాలుగైదు మారులు లేచుట, చెంబులకొలది నీరు త్రాగుట, తిన్నది వంటబట్టకపోవుట చూచి మా అత్తగారు దిష్టి తీసిరి. మేమును ఎండలవలన ననుకొంటిమి. వాంతులు పట్టి, ఊపిరి బరువై, పిల్ల కనులు మూసిన పిమ్మటగాని ఆస్పత్రికి పరుగెత్తలేదు. ఆ యాలస్యమును తలచుకొన్నప్పుడెల్ల ఇప్పటికిని మా గుండె కలుక్కుమనును. నాటినుండి దినమునకు నాలుగు సూదులు. దీర్ఘకాలము పనిచేయు ఇన్సులిన్ ఒకమారు, భోజనముల ముందు త్వరగా పనిచేయునది మూడు మారులు. ఇదిగాక వ్రేలు గుచ్చి రక్తము చూచుట దినమునకు ఆరేడు మారులు. ఒక్కొక్క పట్టీకి ఇరువది రూపాయల పైచిలుకు. పిల్ల వ్రేళ్లకొనలు గరుకెక్కి వీణ వాయించువారి వ్రేళ్లవలె నైనవి.

మాకు తెలివి వచ్చినది మూడవయేటి సద్దుల బతుకమ్మనాడు. సాయంకాలము చెరువు కట్టపై పిల్ల మూడు గంటలు చప్పట్లు చరచుచు ఆడినది. ఇంటికి వచ్చి మలీద ముద్ద తిని, అందుకు సూది వేసికొని పండుకొనినది. ఒడలు శ్రమించిన నాడు చక్కెర ఆ క్షణముననే గాక, ఎన్నియో గంటల పిమ్మటగూడ పడిపోవుచుండునని మాకప్పుడు తెలియదు. తెల్లవారుజామున దుప్పటి తడిసియుండుట చేతికి తగిలి లేచితిమి. పిల్లకు చెమటలు పోయుచున్నవి. పిలిచిన మాటకు వేరొక మాట చెప్పుచున్నది. వ్రేలు గుచ్చి చూడగా 41. డెబ్బదికి దిగినచో తక్కువ, ఏబది నాలుగునకు దిగినచో అపాయమని లెక్క. మ్రింగగల స్పృహ మిగిలియుండుటచే మూడు చెంచాల పంచదారను నీట కలిపి త్రాగించితిమి. పావుగంటకు మరల చూచి, మరల త్రాగించితిమి. (స్పృహ లేని బిడ్డ నోట ఏదియు పోయరాదు, ఊపిరితిత్తులకు పోవును. అప్పుడు ఆస్పత్రియో, గ్లూకగాన్ సూదియో శరణ్యము.) మేము మేలుకొనుట దైవికము. ప్రతి రాత్రియు దైవముపై భారము వేసి నిద్రించు టెట్లు?

ఆ మాసముననే సెన్సారు తెచ్చితిమి. అది రూపాయి బిళ్ల కంటె కొంచెము పెద్దది. జబ్బపై నతికించినచో వెండ్రుకవంటి తీగె యొకటి చర్మము క్రింద నిలిచి, కొన్ని నిమిషముల కొకమారు చక్కెర నెంచి ఫోనునకు తెలుపుచుండును. ఒకటి పది పదునాలుగు దినములు పనిచేయును. అంకె మాత్రమే గాక, చక్కెర ఎక్కుచున్నదో దిగుచున్నదో బాణపు గుర్తుచే చూపును. తొంబది అను అంకె ఒక్కటే చూచినచో నిశ్చింతగా నుందుము. దాని ప్రక్కన క్రిందికి దిగు బాణమున్నచో బెల్లపు ముక్క చేతికి తీసికొందుము. ఈ భేదమును వ్రేలు గుచ్చుటచే తెలిసికొనజాలము. డెబ్బదికి దిగినంతనే ఫోను మ్రోగును.

అది నెంచునది రక్తమును గాదు, కణముల నడుమనున్న ద్రవమును. అందుచే చక్కెర వేగముగా మారునపుడు అది రక్తమునకు పది నిమిషముల వరకు వెనుకబడును. పిల్ల ఆ చేతిపై ఒత్తిగిలి పండుకొన్నచో లేని తక్కువను చూపి, అర్ధరాత్రమున ఇల్లంతయు లేపును. కొన్ని రకములను జ్వరపు మాత్రలును, కొన్నింటిని సి విటమిను మాత్రలును తప్పుదారి పట్టించును గనుక కొనునప్పుడే అడుగవలెను. అంకె యొకటి చెప్పి ఒడలు మరొకటి చెప్పినప్పుడు వ్రేలు గుచ్చి చూచుటయే న్యాయము. కాన పట్టీల డబ్బా యింటనుండి పోరాదు. మండుటెండలలో చెమటకు జిగురు విడిపోవుట మరియొక తొందర. పైన అదనపు పట్టీ నంటింపవలసివచ్చును.

ఇక పంపు. పంపనగా బావినీరు తోడు యంత్రమని మా అత్తగారు మొదట భ్రమపడిరి! అది చిన్న సెల్‌ఫోనంత పెట్టె. అందులోని యిన్సులిన్ సన్నని గొట్టము ద్వారా కడుపుపై చర్మము క్రిందికి కొంచెము కొంచెముగా దినమంతయు జారుచుండును. భోజనవేళ మీట నొక్కి కావలసినంత యిచ్చుకొనవచ్చును. సూదులు తప్పును, రెండు మూడు దినముల కొకమారు గొట్టము మార్చిన జాలును. సర్వపిండివంటి నూనెవంటకము తిన్ననాడు మోతాదులో కొంత అప్పుడే, మిగిలినది రెండు మూడు గంటలపైని ఇచ్చు సౌకర్యము సూదిలో లేదు. క్రొత్త పంపులు సెన్సారు మాట విని ఐదు నిమిషముల కొకమారు తమంతట తామే హెచ్చుతగ్గులు చేసికొనును. చక్కెర పడనున్నదని తెలిసినచో ఇన్సులిన్ నాపును. దీని మేలు మేము తక్కువ చేయుట లేదు. ఇంగ్లండులో 2024 నుండి టైప్ 1 రోగులకు ప్రభుత్వ వైద్యశాఖయే ఇట్టి జంటయంత్రముల నిచ్చుటకు ప్రారంభించినది.

కాని యంత్రము తినునది మనము చెప్పిన లెక్కనే. వండిన యన్నము నూటయేబది గ్రాములలో పిండిపదార్థము సుమారు నలువది గ్రాములు. ఏబది గ్రాముల పిండితో చేసిన జొన్నరొట్టెలో ముప్పదియైదు. ఈ లెక్క రాని యింట పంపు కొన్నను సూది కొన్నను ఒకటే. మేము ఆరు మాసములు త్రాసు ముందు పెట్టుకొని వండితిమి.

పంపులో నుండునది త్వరగా పనిచేయు ఇన్సులిన్ ఒక్కటే. ఒడలిలో దీర్ఘకాలపు నిలువ యేమియు లేదు. గొట్టము మడత పడినను, ఊడినను కొన్ని గంటలలో చక్కెర మూడువందలు దాటి, రక్తమున ఆమ్లములు చేరి, మా అమ్మాయి మొదటినాడు పడిన ప్రమాదమే మరల రాగలదు. అందుచే పంపు గలవారింట సూదులును, రెండు రకముల ఇన్సులినును, కీటోనులు చూచు పట్టీలును ఎల్లప్పు డుండవలెను. పంపు నమ్మవచ్చిన యొక వ్యాపారి గంటసేపు రంగుబొమ్మలు చూపెనుగాని ఈ మాట మే మడుగువరకు చెప్పలేదు. మరియొక జాగ్రత్త. మన దుకాణములలో కుప్పెలలో దొరకు ఇన్సులిన్ చాలవరకు మిల్లీలీటరునకు 40 యూనిట్లది, దాని సిరంజి మూత ఎరుపు. పంపులో పోయునది 100 యూనిట్లది, దాని సిరంజి మూత నారింజ. ఒకదాని సిరంజితో మరొకదానిని తీసినచో మోతాదు రెండున్నర రెట్లు తారుమారగును.

వైశాఖమున ఆదిలాబాదు, రామగుండము ప్రాంతముల ఎండ నలుబదియైదు డిగ్రీలను ముట్టును. వాడుకలోనున్న ఇన్సులినును సాధారణముగా ముప్పది డిగ్రీలకు మించనీయరాదు. సూదిమందును చల్లని చోట దాచవచ్చును. పంపులోనిది బిడ్డ నడుముననే ఎండలో తిరుగును. కరెంటు పోయిన దినములకు చెల్లెలు రెండు మట్టికుండల నడుమ ఇసుక పోసి తడిపి, లోపలికుండలో మందు నుంచుచున్నది. అది మంచి యుపాయము. మంచుగడ్డను మాత్రము తాకించరాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ఖర్చు సంగతి: సెన్సారొకటి నాలుగైదు వేల రూపాయలు, అనగా నెలకు రెండు. పంపు లక్షలలోని మాట. ఆపైని గొట్టములు మొదలగువానికి నెలనెలకు వేలు. మా అత్తగారు తమ గుండ్లపేరు తీసి మా చేతిలో బెట్టి, "పంపుకే పెట్టు" అనిరి. మేమును తొందరపడితిమి. అడ్డుపడినది మా అమ్మాయి. "బాపమ్మా! నడుముకు పెట్టె కట్టుకొని బతుకమ్మ ఆడలేను. సెన్సారు చాలు, సూదులు నేనే వేసుకుంటా" అనినది. ఒడలు దానిది, పదునాలుగేండ్ల పిల్ల వలదన్న యంత్రమును మనము తగిలించిన నిలుచునా? గుండ్లపేరు పెట్టెలోనే యున్నది. ఆ సొమ్ముపై వచ్చు మాట యేనాడైనను దానిదే.

సెన్సారును గూడ దాచుమని చెప్పిన బంధువు లున్నారు. పిల్ల పెండ్లికి అడ్డమగునట! ఒక పెండ్లిలో మా అమ్మాయికి పొడుగు చేతుల రవిక తొడిగించి, ఫోను మ్రోగకుండ చేయించినవారును గలరు. ఆనాడు చక్కెర పడి పిల్ల గోడ పట్టుకొని కూలబడినది. అటుపిమ్మట మేము ఎవరి మాటయు వినలేదు. బడిలో పంతులమ్మలకును, ప్రక్కింటివారికిని సంచిలో బెల్లమెచ్చట నున్నదో చెప్పియుంచితిమి. దాచి పెండ్లి చేసిన యింట ఆ పిల్ల సూది ఎచ్చట వేసికొనును?

కనుక చెల్లెలికి మేము చెప్పినది సెన్సారే. చూడనిదే మోతాదు తెలియదు. పంపైనను చూచువాడు లేనిదే గ్రుడ్డిది. నెలంతయు శక్తి లేనిచో పరీక్షల దినములు, జ్వరము, మోతాదు మార్చు వారములు, కేస్లాపురము నాగోబా జాతరవంటి తిరుగుడు దినములు ఎంచుకొని పెట్టవచ్చును. మిగిలిన దినములు పట్టీలు. ఎప్పుడును డెబ్బదికి నూటయెనుబదికి నడుమ దినములో పదింట ఏడువంతుల కాలము నిలుచుటే గురి. పంపు మాట, పిల్లవానికి ఎంత జాగ్రత్తపడినను రాత్రులు పడిపోవుచున్నచో, లెక్క చేతికి వచ్చిన పిమ్మట, నెలఖర్చు రెండేండ్లకు సరిపడ కనబడినచో తలపెట్టుమంటిమి.

ఆదిలాబాదులో 2008 నుండి రిమ్స్ కళాశాలయు, కరీంనగరమున 2023 నుండి ప్రభుత్వ వైద్యకళాశాలయు నున్నవి. కాని ఈ యంత్రముల నమర్చి నేర్పువారికై మేము హైదరాబాదునకే పోవలసివచ్చినది. ఉట్నూరునుండి అది మూడువందల కిలోమీటర్ల దాపు. చెల్లెలు వచ్చు నెలలో బయలుదేరుచున్నది. కాగితముపై నాలుగు ప్రశ్నలు వ్రాసి పంపితిమి. అర్ధరాత్రమున యంత్రము చెడిన ఎవరు ఫోనెత్తుదురు? తెలుగున చెప్పువారున్నారా? ఉట్నూరు చేర్చుటకు సరకున కెన్ని దినములు? చెడినదానికి బదులిత్తురా, ఇచ్చినచో ఎన్నాళ్లకు? పిల్లవాడు ఐదవ ప్రశ్న తానే చేర్చినాడట: అది పెట్టుకొని వాగులో ఈదవచ్చునా?