తగ్గిన నొప్పి మళ్లీ వస్తే

గైనిక్ ఓపీలో డాక్టరమ్మకు చెప్పలేని మాట నర్సు చెవిలో చెప్తారు. అబార్షన్ అయ్యాక వేరే చోట క్లీన్ చేయించుకున్న ఒకామె, పొత్తికడుపు పట్టుకుని వంగి నడుస్తూ వచ్చింది. “సిస్టర్, క్లీన్ చేసినంక నొప్పి ఉంటదిలే అన్నది మా అత్త. అందుకే ఆగిన.” థర్మామీటరులో 102. తెల్లబట్ట దుర్వాసన. ఆమె ఆగిన ఆ రోజుల గురించే నా బాధంతా.

క్లీనింగ్ తర్వాత నెలసరిలాంటి నొప్పి, కాస్త రక్తం మామూలే. కానీ రోజురోజుకూ తగ్గాలి. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా, జ్వరం 100.4 దాటినా, వాసన మారినా ఆ రోజే ఆసుపత్రికి రావాలి.

గర్భసంచి ముఖద్వారంలో చిక్కటి జిగురు ఉంటుంది. కింది సూక్ష్మజీవులను పైకి పోనివ్వకుండా అదే కాపలా. క్లీనింగ్‌కి (డి అండ్ సి), కాపర్‌-టికి, గర్భనాళాల (ట్యూబుల) ఎక్స్‌రేకి పరికరాలు ఆ దారినే లోపలికి వెళ్తాయి. అప్పటికే కలయిక ద్వారా అంటుకునే క్లమీడియా, గనేరియా ఉంటే వాటితోపాటు పైకెక్కుతాయి. ఇవి ఉన్నా చాలామంది ఆడవాళ్లకు ఏ లక్షణమూ ఉండదు. అబార్షన్‌లో ముక్కలు లోపల మిగిలినా చీము పట్టొచ్చు. ఆపరేషన్ పద్ధతిలో అబార్షన్ చేసే ముందు యాంటీబయాటిక్ ఇచ్చేది అందుకే.

కాపర్‌-టి మీద మాత్రం అన్యాయంగా నింద పడుతుంది. దానితో ఇన్ఫెక్షన్ భయం ముఖ్యంగా వేసిన మొదటి మూడు వారాల్లోనే. వచ్చినా వెంటనే తీసేయాలని లేదు. మందులు మొదలుపెట్టి రెండు మూడు రోజులు చూస్తారు, గుణం కనిపించకపోతే తీయడం గురించి ఆలోచిస్తారు. భయపడి తీయించుకుని, వద్దనుకున్న కడుపుతో మళ్లీ అదే బల్ల మీదికి వచ్చినవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ ఇన్ఫెక్షన్‌కి మందులు సాధారణంగా 14 రోజులు. మెట్రోనిడజోల్‌తో నోరు చేదవుతుంది, కడుపులో తిప్పుతుంది; జ్వరం పోగానే మిగిలిన మాత్రలు అలమరలోకి పోతాయి. దయచేసి ఆపకండి. క్లమీడియా, గనేరియా తేలితే భర్తకూ మందు ఇవ్వాలి. “ఆయనకేం రోగం లేదు” అని ముఖం తిప్పుకుంటారు. లేదనిపించినా ఉండొచ్చమ్మా, ఆయన మింగకపోతే నీకు మళ్లీ వస్తుంది అని చెప్తాను.

వంగి నడుస్తూ వచ్చిన ఆమెను అడ్మిట్ చేసి నరానికి ఇంజెక్షన్లు ఇచ్చాం, కోలుకుంది. ఈ ఇన్ఫెక్షన్ ట్యూబులో మచ్చ మిగిల్చితే తర్వాతి గర్భం అక్కడే ఇరుక్కోవచ్చు. అందుకని ఈసారి నెల తప్పగానే ఆసుపత్రి చీటీ చూపించి తొందరగా స్కాన్ చేయించుకోమని ఆమెకూ, పక్కనున్న అత్తకూ చెప్పి పంపాను.